గట్టు అంచు

ఆ వానాకాలమంతా మా ఇంట్లో వంటిల్లు లేదు. వంటిల్లు ఉండాల్సిన చోట ఒక గది ఉండేది. అందులో ఒక వారం సిమెంటు బస్తాలు, ఒక వారం చెక్కపొట్టు, ఒక వారం మోకాలెత్తున పగిలిన పలకల కుప్ప. పిల్లి తన పిల్లల్ని తిప్పినట్టు పొయ్యిని వరండాలోకి, మళ్ళీ లోపలికి, మళ్ళీ వరండాలోకి తిప్పాం. ఇదంతా నేను చేతులారా మొదలుపెట్టిందే.

నేను పనిచేసేది నేల పలకలు, గట్టు రాళ్ళు, వంటింటి అల్మరాలు అమ్మే కొట్లో. వచ్చినవాళ్ళకి ఆ మూడింటినీ ఒకదానికొకటి కుదిర్చిపెట్టడం నా ఉద్యోగం. నేల ఒక దారి, గట్టు ఒక దారి, అల్మరాలు ఇంకో దారి పడితే ఇల్లు సంతలా ఉంటుందని రోజుకి పదిసార్లు చెప్పేదాన్ని. పన్నెండేళ్ళు ఊళ్ళోవాళ్ళ వంటిళ్ళన్నీ కుదిర్చాను. సాయంత్రం ఇంటికొచ్చి మా ఎర్ర గచ్చు మీద, నల్ల బండ ముందు నిలబడితే మాత్రం ప్రాణం ఉసూరుమనేది.

ఆ వంటిల్లు నాది కాదు, మా వదినది. మా ఆయనకి అక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది. పెళ్ళి చేసుకోలేదు. ఇరవై ఏళ్ళు మిల్లు క్యాంటీన్లో పూటకి నలభై మందికి వండి, మిల్లు మూతపడ్డాక ఆ గరిటె తీసుకుని మా వంటింట్లోకి వచ్చింది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మా ఆయన బస్సు డ్రైవరు, మూడు రోజులకోసారి ఇల్లు చేరతాడు కనక మా ఇంట్లో ఆ లెక్క అర్ధం దగ్గర ఆగలేదు.

"ఉన్నదానికేం రోగం?" అంది, నేను మాట ఎత్తగానే. "గచ్చు పగల్లేదు. బండ కదల్లేదు."

"గోడలోంచి నీళ్ళు దిగుతున్నాయి వదినా. ఎలాగూ పగలగొట్టాలి."

"గోడ పగలగొట్టుకో. నేల నిన్నేం చేసింది?"

మా ఆయన నాకు ఓటేశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. కూలివాళ్ళు సుత్తులతో వచ్చిన రోజు వదిన గుమ్మంలో నిలబడి, "పోనీ ఆ నల్ల బండైనా ఉంచు," అంది. నేను విననట్టే ఊరుకున్నాను.

నేను ఎంచుకున్నది మీగడ రంగు. నేల మీగడ, తలుపులు మీగడ, గట్టు రాయి మీగడ మీద సన్నటి బూడిద చార. మూడింటికీ అద్దంలాంటి మెరుపు. కొట్లో మూడు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఎక్కడ ఆగి ఏది ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. దాన్నే అందం అనుకున్నాను.

తొలకరి పడే వేళకి వంటిల్లు తయారైంది. మూడో రోజు పొద్దున నేను కొట్టుకి బయల్దేరుతూ జడ వేసుకుంటున్నాను. లోపల గిన్నె పడ్డ చప్పుడు, ఆ వెంటనే వదిన అరుపు. వెళ్ళి చూస్తే మరిగిన పాలు నేలంతా. వదిన రెండు పాదాలూ ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. గిన్నె గట్టు మీద కాకుండా గట్టుకి ఇవతల, గాలిలో పెట్టినట్టుంది.

పాదాల మీద నీళ్ళు పోస్తూనే నోరు జారాను.

"ఇష్టం లేకపోతే నోటితో చెప్పాలి వదినా. ఇలా సాధించక్కర్లేదు."

అప్పటికే ఆ మూడు రోజుల్లో కొత్త తలుపు అంచు ఒకటి చెక్క లేచింది, రెండు గ్లాసులు పగిలాయి, రాయి మీద కూర మరక పడింది. అన్నీ కోపంతో చేస్తున్న పనులే అని నా నమ్మకం. వదిన పళ్ళు బిగించి, "చెయ్యి జారింది," అంది. అంతే. ఆవిడ తిరిగి ఒక్క మాట అనకపోవడం నాకు వింతగా అనిపించాలి. అనిపించలేదు.

పాదాలకి కట్లతోనే మర్నాడు మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది. ఆ ఆదివారం పొద్దున్న, కిటికీలోంచి ఎండ బాగా పడుతున్నప్పుడు నేను గుమ్మం దగ్గర ఆగిపోయాను. ఉప్పు డబ్బా ఆవిడ ఎదురుగా, జానెడు దూరంలో ఉంది. చెయ్యి గట్టు అంచు పట్టుకుని నెమ్మదిగా పాకుతూ డబ్బా పక్కనుంచి వెళ్ళిపోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. మళ్ళీ దాటిపోయింది. మూడోసారి వేలు తగిలాక గబుక్కున డబ్బా అందుకుని, అప్పుడే చూసినట్టు తల తిప్పింది.

సోమవారమే ఆవిడని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

కంటి డాక్టరు గదిలో దీపాలార్పి రెండు కళ్ళూ చాలాసేపు చూశాడు. "నీటికాసులు," అన్నాడు. "కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం చచ్చిపోతుంది. ముందు పక్క చూపు పోతుంది, అందుకే మనిషికి తొందరగా తెలియదు. కుడి కన్ను అయిపోయిందమ్మా. ఎడమ కంట్లో గొట్టంలోంచి చూసినంత మిగిలింది. ఎన్నాళ్ళ నుంచి?"

"పోయిన ఎండాకాలం నుంచి," అంది వదిన.

ఏడాది. నేను ఆవిడ వంక చూశాను. ఆవిడ డాక్టరు ఉన్నాడనుకున్న వైపు చూస్తోంది.

"ముందే వచ్చుంటే చాలా దక్కేది. పోయింది తిరిగిరాదు. ఆపరేషన్ చేస్తే మిగిలింది నిలబడొచ్చు. నిలబడకపోనూవచ్చు. వరసలో మీకు ఆరు వారాల తర్వాత రోజు దొరుకుతుంది. ఈలోగా చుక్కలు మానకండి."

వదిన అడిగింది ఒక్కటే. "వంట చేసుకోవచ్చా?"

డాక్టరు చుక్కల చీటీ రాయడం ఆపాడు. "గట్టు ముదురు రంగుదీ నేల లేత రంగుదీ అయితే, మెరుపు లేకుండా ఉంటే, ఉన్న చూపుకి అంచులు దొరుకుతాయి. అన్నీ ఒకే రంగైతే ఆవిడకి అక్కడ ఏమీ లేనట్టే."

ఆ మాట ఆయన నన్ను చూసి అనలేదు. అయినా తల ఎత్తలేకపోయాను. ఎర్ర గచ్చు ముందు నల్ల బండ, నల్ల బండ మీద తెల్ల గిన్నె. ఆ తేడా పట్టుకునే ఆవిడ ఏడాదిగా నెట్టుకొచ్చింది. నేను దాన్ని తవ్వి తీసి, పెరట్లో పారబోసి, అంతా మీగడలో కలిపేశాను.

ఆటోలో ఇంటికి వస్తూ అడిగాను. "నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా వదినా? ఆ రోజు పాలు పడ్డప్పుడైనా?"

"గయ్యాళిదని అనుకున్నావు. అనుకోనీ అనుకున్నాను. గుడ్డిదని తెలిస్తే మర్నాటి నుంచి నా చేతికి గరిటె ఇస్తావా?"

ఆటో ఆగాక చెయ్యి పట్టుకుని దింపాను.

మర్నాడే పని మళ్ళీ మొదలుపెట్టాను. ఆరు వారాల్లో వంటిల్లు మారాలి. ఆపరేషన్ ఎటు పోయినా, అంతకుముందే ఆవిడ ఆ గదిని కళ్ళారా చూసి, ఏది ఎక్కడుందో మనసులో పెట్టుకోవాలి. నాకు అప్పుడు తోచింది అదొక్కటే, దాన్నే పట్టుకుని వేలాడాను. చేతులు కాలాక పట్టుకున్న ఆకు అది.

ఫోన్లో మా ఆయన, "అక్కకి ఇంకా వంటెందుకు? నువ్వు చేస్తే సరిపోదా?" అన్నాడు.

"ఆ మాట వచ్చి అక్కతో నువ్వే చెప్పు."

చెప్పలేదు. తర్వాతి సెలవుకి వచ్చి, అన్నం తిని, అక్క వేళ్ళు కంచంలో వెతుక్కోవడం చూసి, సగంలో లేచి బయటికి వెళ్ళిపోయాడు.

పని మాత్రం ఒక్కటీ కుదరలేదు. నా కొట్లో ఉన్న నల్లరాళ్ళన్నీ మెరిసేవే. మెరుపు పట్టని నల్లరాయి కోసం పొరుగూరికి చెప్పి పంపితే, లారీ వరదకి అవతలి ఒడ్డున తొమ్మిది రోజులు ఆగిపోయింది. తీరా వచ్చిన రాయికి సింకు కోయాల్సిన చోట కొస నుంచి కొస దాకా బీట. నేల సంగతి ఇంకో రకం. ఉన్న మీగడ పలకలు తవ్వితే తేమ ఆరడానికే నెల పడుతుందని, వాటి మీదే గరుకు పలకలు వేద్దామన్నాడు పలకల మేస్త్రి. సరేనన్నాను. వేలెడు ఎత్తు పెరుగుతుందని, కింది తలుపులు నేలకి రాసుకుని తెరుచుకోవని నాకు ఒక రోజు తర్వాత తట్టింది. పన్నెండేళ్ళ అనుభవం నాది! తలుపులు తెరుచుకోవాలంటే కింది పెట్టెలు లేపాలి. పెట్టెలు లేపాలంటే గట్టు రాయి ఊడదీయాలి. రాయి ఊడితే సింకు, సింకు ఊడితే నీళ్ళ గొట్టం. ఒకదాన్ని ముట్టుకుంటే మిగతావన్నీ మీదికొచ్చేవి. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, ఆ వానలకి ప్లైవుడ్ ఉబ్బి ఒక అల్మరా వెనక పలక విల్లులా వంగింది.

మా వడ్రంగిని వీధంతా రేపు మేస్త్రి అని పిలుస్తారు. ఏ పని అడిగినా ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే.

"మేస్త్రీ, ఈ పెట్టెలు ఎప్పుడు లేపుతావు?"

"రేపమ్మా."

"నిన్న కూడా రేపన్నావు."

"నిన్నటి రేపు వానకి పోయిందమ్మా. ఇది ఇవాళ్టి రేపు."

వేరే రోజుల్లో నవ్వేదాన్ని. ఆ రోజు వీధిలో, అందరి ముందూ, గొడుగు కింద పడేసి ఏడ్చాను. పాపం ఆయన నా గొడుగు తీసి నా మీదే పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక, "రేపు తప్పకుండా," అన్నాడు.

చుక్కలు నాలుగు పూటలా వేస్తున్నాను. ప్రతి పొద్దునా వదిన ఎదురుగా వేళ్ళు పెట్టి ఎన్నని అడిగేదాన్ని. మొదట్లో సరిగ్గా చెప్పేది. తర్వాత విసుక్కునేది. "చిన్నపిల్లననుకున్నావా, పో అవతలికి." నేను దాన్ని పూర్వపు కోపం తిరిగి రావడం అనుకుని సంతోషపడ్డాను కూడా.

ఆపరేషన్ ఇంకా పదహారు రోజులుందనగా రాళ్ళ వ్యాపారి నాలుగు నమూనా ముక్కలు పంపాడు. నలుపు, ముదురాకుపచ్చ, ముదురు గోధుమ, ఇటుక రంగు. పొద్దున పది గంటలు. చాలా రోజులకి వాన తెరిపిచ్చింది. కిటికీ పక్కన బల్ల వేసి, దాని మీద మా మీగడ తలుపు ముక్క ఒకటి పరిచి, పోల్చి చూడ్డానికి పాత మీగడ రాయి ముక్క కూడా తెచ్చి పెట్టాను. వదినని చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాను. నమూనా ముక్కలున్న సంచీ గుమ్మం దగ్గరే ఉండిపోయింది. తేవడానికి లేచాను.

"నల్లదే బాగుంది," అంది వదిన వెనకనుంచి.

వెనక్కి తిరిగాను. ఆవిడ చెయ్యి బల్ల మీద ఉన్న ఒకే ఒక్క రాయి మీద ఉంది. మీగడ రాయి. అరచేతితో దాన్ని నిమురుతూ, కిటికీ వైపు ముఖం పెట్టి, మెచ్చుకుంటున్నట్టు తల ఊపుతోంది. "అంచు బాగా కనిపిస్తోంది," అని కూడా అంది. నా కోసం.

సంచీ విప్పకుండానే మళ్ళీ గుమ్మం దగ్గర పెట్టేశాను.

"సరే వదినా," అన్నాను. "నల్లదే వేయిద్దాం."

పెరట్లోకి వెళ్ళి, మా పాత ఎర్ర గచ్చు పెళ్ళల మీద కూర్చున్నాను. డాక్టరుకి ఫోన్ చేస్తే ఆయన, "వెంటనే తీసుకురండి," అన్నాడు. తీసుకెళ్ళాం. చుక్కలు మార్చారు, సూది మందు వేశారు, వరసలో ఒక వారం ముందుకి జరిపారు. వెలుతురూ చీకటీ తప్ప ఆవిడకి ఇంకేమీ తెలియడం లేదని ఆయన నాతో వేరే గదిలో చెప్పాడు. నేను మా ఆయనతో తప్ప ఎవరితోనూ అనలేదు. వదిన కూడా నాతో అనలేదు.

ఆ సాయంత్రం రాయి మేస్త్రి గట్టుకి అట్ట కోసి కొలత తీసుకుంటుంటే వదిన మంచం మీద నుంచే పిలిచింది.

"అమ్మాయ్, గట్టు అంచు గుండ్రంగా నున్నగా చెయ్యొద్దని చెప్పు. ముందు కొసని కాస్త పైకి లేపమను. చేతికి తెలియాలి."

"చెప్తా వదినా."

"నేల ముక్కలు తెచ్చావా? ఇటు పట్రా. కట్లు విప్పు, కాలికి తగలనీ."

ఇద్దరం మాట్లాడుకున్నది అంతే. ఎవరికి ఎంత తెలుసో రెండోవాళ్ళకి తెలుసని అప్పుడు తెలిసింది.

అక్కడ నుంచి కుదర్చడం నా చేతుల్లోంచి ఆవిడ చేతుల్లోకి పోయింది. నేను పలకలు ఒక్కొక్కటే ఆవిడ పాదాల కింద పెట్టేదాన్ని. కాలిన చర్మం ఇంకా లేతగా ఉంది. గరుకుది తగిలితే ముఖం ముడుచుకునేది, అయినా తియ్యనిచ్చేది కాదు. గట్టు పొడవునా ఒక వరస గరుకు పలకలు, మిగతా నేలంతా నున్నవి. పొయ్యి ముందు మాత్రం గీతలున్న పలక, అడుగు పడగానే తెలిసేలా. తలుపులకి అన్నిటికీ ఒకే పిడి పెట్టడం మా కొట్టు పద్ధతి. ఆవిడ ఒక్కో తలుపుకి ఒక్కో పిడి పెట్టించింది: పప్పులకి గుండ్రటి చెక్క పిడి, గిన్నెలకి ఇనప కమ్మీ, కత్తులున్న సొరుగుకి తోలు పట్టీ.

రేపు మేస్త్రి ఆ పిడులన్నీ చూసి తల గోక్కున్నాడు. "ఇదేం జత అమ్మా, గుర్రానికీ గాడిదకీ కట్టినట్టు?" అంటూ తల ఎత్తి, గోడ తడుముకుంటూ వస్తున్న వదినని చూశాడు.

"గట్టు ఎంత ఎత్తమ్మా?" అని ఈసారి నన్ను కాదు, ఆవిడని అడిగాడు.

"చెయ్యి కిందికి వదిలేస్తే మణికట్టు తగలాలి," అని వదిన నిటారుగా నిలబడింది. ఆయన ఆవిడ మణికట్టు దగ్గర పెన్సిలు గీత గీసుకున్నాడు. ఇరవై ఏళ్ళు ఇతరుల పొయ్యిల దగ్గర వంగి నిలబడ్డ మనిషి ఎత్తు ఎంతో ఎవరూ అంతవరకూ కొలవలేదు.

"ఎప్పుడు మొదలుపెడతావు?" అన్నాను.

"ఇప్పుడే," అన్నాడాయన. అని, తనే ఒక్క క్షణం కంగారుపడ్డాడు.

ఆపరేషన్ అయిన మూడో రోజు కట్టు విప్పారు. మా ఆయన బస్సుని వేరేవాళ్ళకి అప్పగించి వచ్చాడు. డాక్టరు, "ఏమైనా తెలుస్తోందా అమ్మా?" అన్నాడు. వదిన చాలాసేపు ప్రయత్నించింది. అంత కష్టపడి చూడడం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. "కిటికీ ఎటుందో తెలుస్తోంది," అంది చివరికి. ఒత్తిడి తగ్గిందనీ, ఈ వెలుతురు నిలబడితే అదే గొప్పనీ డాక్టరు చెబుతున్నాడు. మా ఆయన వరండాలోకి వెళ్ళి గోడకి నుదురు ఆనించి నిలబడ్డాడు. నేను ఆవిడ చెయ్యి వదల్లేదు. ఆవిడే మెల్లగా విడిపించుకుంది.

ఇంటికొచ్చిన మొదటి పది రోజులు వదిన వంటింటి వైపు వెళ్ళలేదు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేది. పిలిస్తే పలికేది కాదు. అంత కష్టపడి కట్టించిన వంటిల్లు ఖాళీగా, సున్నం వాసనతో పడి ఉండేది. నేను వండిన అన్నం రెండు ముద్దలు తిని కంచం తోసేసేది. పదకొండో రోజు ఇంటికి వచ్చేసరికి నేల మీద, గీతల పలక మీద, చతికిలబడి ఉంది. చుట్టూ పప్పు చల్లినట్టు పడి ఉంది. గుక్కపట్టి ఏడుస్తోంది. ఆవిడ ఏడవడం నేను చూడ్డం అదే మొదటిసారి.

"ఏది ఎక్కడుందో అన్నీ తెలుసే అమ్మాయ్. అన్నీ తెలుసు. కానీ ఇక్కడికొచ్చి నిలబడేసరికి నేనెక్కడున్నానో నాకే తెలియట్లేదు."

నేనూ పప్పులోనే కూర్చున్నాను. ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. చివరికి పాలు పడ్డ రోజున అన్న మాట గుర్తొచ్చి, "ఆ రోజు నేనన్నది," అని మొదలుపెట్టాను.

"ఊరుకో," అంది. ముక్కు చీదుకుంది. కాసేపటికి నేల మీద చెయ్యి వేసి, "ఇంతకీ ఎలా ఉంది చూడ్డానికి? నిజం చెప్పు," అంది.

చుట్టూ చూశాను. నల్ల గట్టు, ముందు కొసన చెయ్యెత్తి కొట్టబోతున్నట్టు లేచిన అంచు. మీగడ తలుపులు, వాటికి ఒకదానికొకటి చుట్టరికం లేని పిడులు. నేల ఒక వరస బూడిద, మిగతాది తెలుపు, మధ్యలో గీతల ముక్క. వేలెడు లేపిన పెట్టెల కింద ఇంకా రంగు వేయని చెక్క.

"దరిద్రంగా ఉంది వదినా," అన్నాను. "నా పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఇంత వికారమైన వంటిల్లు చూడలేదు. మా కొట్టు యజమాని చూస్తే నన్ను రేపటి నుంచి రావద్దంటాడు."

వదిన నవ్వింది. ఏడుపు ఇంకా పూర్తిగా ఆగలేదు, మధ్యలోనే నవ్వింది. "నీకు తగిన శాస్తే," అంది. గట్టు అంచు పట్టుకుని లేచింది. నేనూ లేచి పక్కన నిలబడ్డాను. ఆవిడ పాదంతో నేలని ఒకసారి రాసి చూసింది, అటు అడుగు వేసింది, ఇటు అడుగు వేసింది. చెయ్యి ముందుకి చాచింది. అది నా భుజానికి తగిలింది.

"పొయ్యి ఇక్కడుండాలే. నువ్వేం చేస్తున్నావు ఇక్కడ? జరుగు."

జరిగాను.